నది ఒడ్డు అంకుల్, ముప్ఫై ఒకటో అంతస్తు ఆంటీ

ఆ రోజుల్లో నా దగ్గర మిగిలిన అర్హత గొంతు ఒక్కటే. తక్కినవన్నీ ఒక్కొక్కటిగా రాలిపోయాయి. యూనిలో ఒక సబ్జెక్టు పోయింది (అకౌంటింగ్ చదువుతానని చెప్పి ఇంతదూరం వచ్చిన పిల్లకి పోయింది కూడా అకౌంటింగే). కాస్త పని ఇచ్చిన కేఫ్ మూతపడింది. అప్లై చేసిన ప్రతిచోటి నుంచీ 'అన్‌ఫార్చునేట్లీ' అని మొదలయ్యే ఈమెయిలే వచ్చేది. చూడగా చూడగా అదే నా ఇంటిపేరేమో అనిపించసాగింది. ఇరవై నాలుగేళ్ల మనిషి ఎంత నిరాశపడగలదో అంతా నేను సిడ్నీలో, క్వేకర్స్ హిల్‌లో నలుగురం అమ్మాయిలం కలిసి ఉంటున్న ఇంట్లో, వాషింగ్ మెషీన్ పక్కన వేసుకున్న పరుపు మీద పడుకుని పడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే అంత ఏడుపు అవసరమా అనిపిస్తుంది గానీ, అప్పుడెవరైనా ఆ మాట అని ఉంటే వాళ్లతో నెల రోజులు మాట్లాడేదాన్ని కాదు.

అలాంటి ఒక వానాకాలపు ఉదయం ఏడింటికి తలుపు చప్పుడైంది. తీస్తే ట్రావెల్స్ అన్న. ఆయనదీ మా సూర్యాపేటే. నాకంటే పదేళ్ల ముందు చదువుకోవడానికి వచ్చి, చదువు పక్కనపెట్టి, ఎనిమిది సీట్ల వ్యాన్ ఒకటి కొనుక్కుని, మన వాళ్లని ఊళ్లు తిప్పుతూ బతికేవాడు. 'పొద్దున పాత నది పట్టణం, మధ్యాహ్నం కొత్త మహానగరం, ప్రైవేట్ గైడుతో ఒక్క రోజులో' అన్నది ఆయన పెద్ద ప్యాకేజీ. ఊళ్ల కంటే ఆయన మాటలు వినడానికే జనం వ్యాన్ ఎక్కుతారని చెప్పుకునేవారు. అంతటి మాటకారి మెడకి మఫ్లర్ చుట్టుకుని, నోరు మూసుకుని, ఫోను నా ముఖం ముందు పెట్టాడు. దాని మీద రాసి ఉంది: "గొంతు పోయింది చెల్లె. మూడ్రోజులు మాట్లాడొద్దన్నడు డాక్టర్. బండి నేను నడుపుత, నువ్వు మాట్లాడు. కాదనకు."

"నాకు హిస్టరీ ఏం తెల్వదన్నా," అన్నాను. ఆయన ఫోను వెనక్కి లాక్కుని టకటకా కొట్టి మళ్లీ చూపించాడు: "నాకు మాత్రం తెలుసా? అంతా రాసిపెట్టిన." అంటూ అట్ట ఊడిన నోట్‌బుక్ ఒకటి చేతిలో పెట్టాడు. తెరిచి చూస్తే ఆయన పదేళ్ల వాగ్ధాటి అంతా అందులో ఉంది. మధ్యమధ్య ఎర్ర సిరాతో 'ఇక్కడ ఆగి నవ్వాలె', 'ఇక్కడ నిట్టూర్చాలె', 'ఇక్కడ ఆడవాళ్ల దిక్కు చూసి మాట్లాడాలె' అని సూచనలు కూడా. జుట్టు దువ్వుకుని, రూమ్మేట్ బ్లేజర్ అడిగి వేసుకుని వ్యాన్ ఎక్కాను. ఎలాగూ ఆ పూట ఏడవడం తప్ప నాకు వేరే పని లేదు.

పరమట్టాలో ఒక హోటల్ ముందు మా టూరిస్టులు ఇద్దరూ నిలబడి ఉన్నారు. ఇద్దరూ అంటే, ఆ గుమ్మానికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. డాక్టర్ అంకుల్, ఆంటీ. గుంటూరు వైపు వాళ్లు. డార్విన్‌లో ముప్ఫై ఏళ్లున్నారు. ఆయన అక్కడ ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా చేసి ఆ మధ్యే రిటైరయ్యారు. ఆరడుగుల మనిషి, తల మీద వెడల్పాటి టోపీ. ఆంటీ పొట్టిగా, చురుగ్గా, ముదురాకుపచ్చ కుర్తాలో, ఎర్ర ఫ్రేము కళ్లజోడుతో ఉన్నారు. వ్యాన్‌లో ఆయన మధ్య వరసలో కూర్చుంటే ఆవిడ వెళ్లి అన్నిటికంటే వెనక వరసలో కూర్చున్నారు. ఇంత ఖాళీ వ్యాన్‌లో కాళ్లు చాపుకోవడానికి కాబోలు అనుకున్నాను.

రెండు సిగ్నళ్లు దాటామో లేదో, వెనక నుంచి "అమ్మాయ్, ఏసీ కొంచెం తగ్గించమని మీ అంకుల్‌కి చెప్పు," అని వినిపించింది. ఏసీ మీట అంకుల్ తలకి జానెడు పైన ఉంది. ఆవిడ మాట ఆయన చెవిలో పడనే పడింది. అయినా ఆయన కదల్లేదు. నా వైపు తిరిగి, "ఏమంటోందమ్మా?" అన్నారు. "ఏసీ తగ్గించమంటున్నారంకుల్," అన్నాను. "అలాగేనని చెప్పు," అని తగ్గించారు. నేను వెనక్కి తిరిగి, "అలాగే అంటున్నారాంటీ," అన్నాను. అన్న అద్దంలోంచి నన్ను చూశాడు. నేను అన్నను చూశాను. వ్యాన్‌లో నలుగురం ఉన్నాం, మాట్లాడేది మాత్రం నేనొక్కదాన్నే అని ఇద్దరికీ అప్పుడు అర్థమైంది.

సంగతేమిటో దారిలో కాఫీ కోసం ఆగినచోట ఆంటీయే చెప్పారు. డార్విన్‌లో ఇల్లు అమ్మేశారు. సామాను కంటెయినర్‌లో ఉంది. రిటైరయ్యాక సిడ్నీ వచ్చేద్దామని ఇద్దరూ ఒప్పుకున్నారు గానీ సిడ్నీ అంటే ఎక్కడ అన్న దగ్గర చెడింది. ఆయన లెక్కలో సిడ్నీ అంటే గంట దూరంలో హాక్స్‌బరీ నది ఒడ్డున ఉన్న విండ్సర్, అక్కడొక పాత ఇల్లు. ఆవిడ లెక్కలో సిడ్నీ అంటే డార్లింగ్ హార్బర్ పక్కన ముప్ఫై ఒకటో అంతస్తులో ఫ్లాట్. "పదహారు రోజులైంది మాటల్లేక. ఇవాళ పొద్దున ఆయన ఇల్లు చూడ్డం, మధ్యాహ్నం నా ఫ్లాట్ చూడ్డం. చూసి తేల్చేయాలి. అందుకే మీ టూర్ బుక్ చేశాను. మధ్యలో ఒక మనిషుంటే మర్యాదగా ఉంటాం కదా," అన్నారు ఆవిడ, నురుగు మీద చెంచాతో గీతలు గీస్తూ. నేను తలూపాను. తల్లిదండ్రుల పోట్లాటలో పిల్లల్ని నిలబెడతారని తెలుసు గానీ, అందుకు గైడుని పెట్టుకుంటారని నాకు తెలీదు.

విండ్సర్ చేరేసరికి తుంపర మొదలైంది. వరద కాదు గానీ, వారం రోజుల వానలకి నది ఎర్రగా ఉబ్బి, ఒడ్డు చెట్ల నడుముల దాకా వచ్చింది. తెల్లవాళ్లు ఈ దేశంలో దిగిన కొత్తల్లో కట్టుకున్న ఊళ్లలో అదొకటి. సిడ్నీ ఆకలితో ఉన్నప్పుడు ఇక్కడ గోధుమ, మొక్కజొన్న పండించి పడవల మీద పంపేవారు. గట్టు మీద చతురస్రంగా ఒక మైదానం, దాని చుట్టూ ఇటుక ఇళ్లు, పాత సత్రం, దూరంగా చర్చి గోపురం. చక్కని ఊరు. నేను రేవు మెట్ల దగ్గర నిలబడి, నోట్‌బుక్ తెరిచి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "లేడీస్ అండ్ జెంటిల్మెన్, ఈ నది ఎన్నిసార్లు ఈ ఊరిని ముంచిందో తెలుసా? ముంచిన ప్రతిసారీ ఊరు తల తుడుచుకుని లేచి నిలబడింది. ఇక్కడ ఆగి నవ్వాలె."

నేను ఆగలేదు, నవ్వలేదు. చదివేశాను. వెనకాల నిలబడ్డ అన్న నుదురు కొట్టుకున్న చప్పుడు వినిపించింది. అంకుల్ గంభీరంగా, "ఎందుకు నవ్వాలమ్మా?" అన్నారు. సిగ్గుతో పేజీ తిప్పబోయాను. అంతే. గాలి విసురుగా వచ్చింది, అట్ట లేని నోట్‌బుక్ విడిపోయింది, కాగితాలు ఒకదాని వెనక ఒకటి కొంగల్లా లేచి నదిలో దిగాయి. ఒక్కటి మాత్రం అంకుల్ టోపీకి అతుక్కుంది. తీసి చూస్తే దాని మీద 'టాయిలెట్లు ఎడం చేతి దిక్కు' అని ఉంది. అన్న రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, నోరు తెరిచి, శబ్దం లేకుండా అరిచాడు. మనిషి శబ్దం లేకుండా అరిస్తే ఎంత భయంగా ఉంటుందో ఆ రోజే చూశాను. ఆయన పదేళ్ల పాండిత్యం వంతెన కింద నుంచి సముద్రం వైపు నెమ్మదిగా సాగిపోయింది.

ఇక సొంత తెలివి మీద బతకాల్సి వచ్చింది. సత్రం చూపించి ఒక గవర్నరు అందులో బస చేశాడన్నాను. "ఆ గవర్నరు ఇంగ్లండు వెళ్లిపోయిన తర్వాత కట్టారమ్మా ఇది," అన్నారు అంకుల్. చర్చి చూపించి అంతకంటే ముందు ఇక్కడ ఏమీ లేదన్నాను. "లేకపోవడమేమిటి? ఇది ఇక్కడి ఆదివాసులు, ధరుగ్ వాళ్ల ఊరు. ఈ నదికి వాళ్ల పేరు వేరే ఉంది," అని ఆ పేరు కూడా చెప్పారు. కాసేపటికి ఆయన ముందు నడుస్తూ నాకు ఊరు చూపిస్తున్నారు, నేను వెనక నడుస్తూ "అవునా అంకుల్" అంటున్నాను. ఆయన ఆ ఊరి గురించి దొరికిందల్లా చదివేసినట్టున్నారు. గోడల మీద ఇటుకలు చేత్తో తడిమారు. వరద నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో, ఏ వీధికి రావో చెప్పారు. ఆయన గొంతు, పెళ్లిచూపుల్లో నచ్చిన పిల్ల గురించి ఇంట్లో చెప్పుకునే కుర్రాడి గొంతులా ఉంది.

ఆ ఇల్లు గట్టు మీద ఎత్తుగా, మరీ పాతగా, మరీ అందంగా ఉంది. తెల్ల రంగు వేసిన చెక్క గోడలు, ముందు పొడుగాటి వరండా, వరండాకి ఎదురుగా నది. ఇల్లు చూపించే ఏజెంటు గొడుగు పట్టుకుని ఎదురొచ్చింది. ఆంటీ ఊళ్లో దిగనట్టే ఇక్కడా వ్యాన్ దిగలేదు. "వానకి దిగను," అన్నారు. అంకుల్ వరండా కొసన నిలబడి, "వెళ్లి ఆవిడకి చెప్పమ్మా. ఇక్కణ్నుంచి వంపు దాకా కనిపిస్తోందని చెప్పు. పొద్దున్నే ఇద్దరం ఇక్కడ టీ తాగొచ్చని చెప్పు. ఒక్కసారి దిగి చూడమను," అన్నారు. నేను తడుస్తూ వ్యాన్ దగ్గరికి పరిగెత్తి అంతా అప్పగించాను. ఆంటీ అద్దం రెండంగుళాలు దించి, "ముప్ఫై ఏళ్లు డార్విన్‌లో ఆర్నెల్లు వాన, ఆర్నెల్లు ఉక్క. బట్టల మీద బూజు, బియ్యంలో తేమ, తలుపులు బిగుసుకుపోవడం. మళ్లీ నీళ్ల పక్కనా? ఐ యామ్ డన్ అని చెప్పు. నా శవం కూడా ఆ గుమ్మం తొక్కదని చెప్పు," అని అద్దం ఎత్తేశారు.

ఆ మాటలు మోసుకుని మళ్లీ పరిగెత్తాను. నిజం చెబుతున్నాను, చెప్పేద్దామనే వెళ్లాను. కానీ ఆ ఆరడుగుల మనిషి టోపీ తీసి చేత్తో పట్టుకుని, తడిసిన తలతో, రిజల్ట్స్ బోర్డు ముందు నిలబడ్డ పిల్లాడిలా నా ముఖంలోకి చూశారు. రిజల్ట్స్ బోర్డు ముందు నిలబడటమంటే ఏమిటో ఆ నెలలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. నా నోట్లోంచి 'అన్‌ఫార్చునేట్లీ' రాలేదు. "ఆంటీకి... బాగానే ఉందటంకుల్," అన్నాను.

"బాగుందందా?" అన్నారు.

"అంటే, నది బాగుందన్నారు."

ఆయన నా తల మీద చెయ్యి వేసి, గట్టిగా ఊపిరి వదిలి, తిన్నగా ఏజెంటు దగ్గరికి వెళ్లి, "మై వైఫ్ లైక్స్ ఇట్. కాంట్రాక్ట్ పంపండి," అన్నారు. నేను వరండా స్తంభం పట్టుకున్నాను. గేటు దగ్గర నిలబడి అంతా చూస్తున్న అన్న, ఏమైందన్నట్టు చెయ్యి తిప్పాడు. నాకు కూడా గొంతు పోయిందన్నట్టు మెడ చూపించాను.

విండ్సర్ నుంచి సిటీకి గంటకి పైగా ప్రయాణం. ఆ గంటలో వాళ్లిద్దరూ ఒక్క మాట అనుకున్నా నా పని అయిపోయినట్టే. అందుకని ఒక్క క్షణం కూడా ఖాళీ ఇవ్వకుండా మాట్లాడాను. మోటర్‌వే పక్కన గోడలు ఎందుకు కడతారో చెప్పాను. ఆస్ట్రేలియాలో పాల డబ్బాల మూతలకి ఇన్ని రంగులెందుకో చెప్పాను. అది అయిపోతే నేను తప్పిన సబ్జెక్టు సిలబస్ మొత్తం, డిప్రిసియేషన్ రెండు పద్ధతుల్లోనూ, ఉదాహరణలతో వివరించాను (పరీక్షలో అంత బాగా రాసి ఉంటే ఈ కథే ఉండేది కాదు). అంకుల్ మాత్రం కిటికీలోంచి చూస్తూ కూనిరాగం తీస్తున్నారు. వెనక ఆంటీ ఆ రాగం విని కనుబొమలు ముడిచి, "ఏమిటట అంత హుషారు?" అన్నారు. "వెదర్ నచ్చిందట ఆంటీ," అన్నాను. బయట కుండపోత వాన.

మధ్యాహ్నం మహానగరం. అద్దాల మేడలు, నీళ్ల మీద వాటి నీడలు, గొడుగుల కింద పరుగెత్తే ఆఫీసు జనం. అన్న మమ్మల్ని దింపేసి, పార్కింగు దొరకదని సర్క్యులర్ కీ రేవు వైపు వెళ్లిపోయాడు. చివర్లో ఫెర్రీ ఎక్కి మేమే అక్కడికి రావాలని ఏర్పాటు. నన్ను ఒంటరిగా వదిలి వెళ్తున్న ఆ వ్యాన్‌ను చూస్తుంటే కాలేజీలో మొదటిరోజు నాన్న స్కూటరు వెళ్లిపోయినప్పటిలా అనిపించింది. ఆంటీ లిఫ్టు వైపు నడిచారు. అంకుల్ కింద లాబీలోనే సోఫాలో కూర్చుని, "నువ్వెళ్లి చూసి రామ్మా. నాకు ఎత్తులు పడవు," అన్నారు.

పైన ఫ్లాటంతా అద్దాలే. ఒక వైపు హార్బర్, ఒక వైపు దీపాల వంతెన, కింద చుక్కల్లా మనుషులు. ఆంటీ చెప్పులు విప్పి, ఆ గదుల్లో తేలికగా తిరుగుతూ, అన్నీ ముట్టుకుంటున్నారు. "లిఫ్టులో ఇద్దరు హలో చెప్పారు చూశావా? ఎక్కడివాళ్లని అడిగారు. కింద లైబ్రరీ, ఎదురుగా మ్యూజిక్ హాలు. కూరగాయలకి నడిచి వెళ్లొచ్చు," అన్నారు. పొద్దున వ్యాన్ అద్దం ఎత్తేసిన మనిషీ ఈవిడా ఒకరేనా అనిపించింది. "వెళ్లి అడుగు ఆయన్ని. ఒక్క మాట చెప్పమను," అన్నారు.

ముప్ఫై ఒక్క అంతస్తులు దిగి అడిగాను. అంకుల్ పేపరులోంచి తల ఎత్తకుండానే, "ఆ అద్దాల పెట్టెలో ఆవిడనే ఉండమను," అన్నారు. పొద్దున ఆవిడ ఒప్పేసుకుందన్న ధీమాతో, నవ్వుతూనే అన్నారు. మళ్లీ ముప్ఫై ఒక్క అంతస్తులు ఎక్కాను. ఆ లిఫ్టులో నేను చేసినంత వ్యాకరణ చర్చ జన్మలో చెయ్యలేదు. ఆయన 'ఉండమను' అన్న మాట నిజమే కదా, ముందున్న మాటలు చెప్పకపోతే అబద్ధమవుతుందా, కాదా? తలుపు తెరుచుకునేసరికి ఆంటీ ఎదురుగానే నిలబడి ఉన్నారు, చేతులు రెండూ కట్టుకుని, ఎర్ర కళ్లజోడులోంచి నన్నే చూస్తూ.

"ఉండమను అన్నారాంటీ," అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత అక్కడున్న సేల్స్ అమ్మాయి దగ్గర పెన్ను తీసుకుని ఫారం మీద పేరు రాసి ఇచ్చారు. ఆ విధంగా ఒక్క రోజులో, ఒకే భార్యాభర్తల చేత, యాభై కిలోమీటర్ల దూరంలో రెండు ఇళ్లకి నేను ఊఁ కొట్టించాను.

ఫెర్రీ కదిలాక నాకు తెలిసింది, పడవలోంచి దిగి పారిపోవడానికి వీలుండదని. బయట డెక్ మీద బెంచీకి ఆ కొస అంకుల్, ఈ కొస ఆంటీ, మధ్యలో నేను. వంతెన తల మీదుగా పోయింది. ఒపేరా హౌస్ తెల్లగా ముందుకొచ్చింది. పదహారు రోజుల్లో మొదటిసారి ఇద్దరి ముఖాల్లోనూ నవ్వుంది. నేను మాత్రం బెంచీ పలకల సందులోంచి జారి కింద పడిపోతే బాగుండుననుకుంటున్నాను.

"అమ్మా," అన్నారు అంకుల్, "ఆంటీకి థ్యాంక్స్ చెప్పు. ఆ వరండాలో తనకొక ఉయ్యాల వేయిస్తానని చెప్పు."

"ఏ వరండా?" అన్నారు ఆంటీ. నన్ను కాదు, ఆయన్నే అడిగారు. "ఉండమన్నారుగా ఫ్లాట్‌లో? సంతకం చేసి వచ్చాను."

"ఎవరు ఉండమన్నారు?"

ఇద్దరూ మెల్లగా నా వైపు తిరిగారు. ఆ క్షణంలో ఒక సముద్రపు కాకి రెయిలింగ్ మీద వాలి, అది కూడా నా వైపే చూసింది.

చెప్పేశాను. శవం, గుమ్మం, అద్దాల పెట్టె, అన్నీ ఎలా ఉన్నవి అలాగే చెప్పేశాను, పదహారు రోజుల బాకీ అంతా తీర్చినట్టు. మొదట ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు. "బుద్ధుందా నీకు?" అని ఆయన. "ఇది ఆటా?" అని ఆవిడ. తిట్టడంలో మాత్రం ఎంత కలిసిపోయారంటే, ఒకరు ఆపినచోట రెండోవారు అందుకున్నారు. ఏడుస్తూ విన్నాను. తర్వాత నన్ను వదిలేసి నా తల మీదుగా ఒకరినొకరు అనుకోవడం మొదలుపెట్టారు. మా ఎదుట బెంచీలో ఉన్న ఒక జపాన్ కుటుంబం కెమెరాలు దించేసి, మర్యాదగా నీళ్ల వైపు తిరిగి కూర్చుంది.

"నా ఆపరేషన్ థియేటర్‌కి కిటికీ లేదు," అన్నారు అంకుల్. గొంతు హఠాత్తుగా తగ్గిపోయింది. "ముప్ఫై ఏళ్లు. పొద్దున చీకట్లో లోపలికి, సాయంత్రం చీకట్లో బయటికి. మానిటర్ మీద గీత తప్ప కదిలేది ఏదీ చూళ్లేదు. ఇప్పుడైనా కూర్చుని, ఏదైనా కదుల్తుంటే చూడాలనుంది. దటీజ్ ఆల్."

"ఆ ముప్ఫై ఏళ్లూ నేను కిటికీలోంచే చూశానండీ," అన్నారు ఆంటీ. "మీ కారు ఎప్పుడొస్తుందా అని. పక్కింట్లో మనిషి ఉందో లేదో తెలియని వీధి. కదిలేవి చాలా చూశాను. నాకిప్పుడు మనుషులు కావాలి."

అంతలో ఫెర్రీ ఒడ్డుకి తగిలి ఒక్కసారి ఊగింది. ఆంటీ అందరికంటే ముందు దిగి, వెనక్కి చూడకుండా నడిచి, ట్యాక్సీ ఎక్కి వెళ్లిపోయారు. అంకుల్ నాలుగు అడుగులు వెంటపడి ఆగిపోయారు. వ్యాన్‌లో హోటల్‌కి వెళ్లేదాకా ఆయన మధ్య వరసలోనే కూర్చున్నారు, వెనక వరస ఖాళీగా. దిగేటప్పుడు మాత్రం, "నువ్వు మంచిదానివే అమ్మా. కానీ మంచితనంతో చాలా డేంజర్ చేస్తావు," అన్నారు. మత్తు డాక్టరు ఇచ్చినా ఆ ఇంజెక్షన్ మాత్రం నొప్పి పుట్టించింది.

అన్న ఇంటి దగ్గర దింపి ఫోను చూపించాడు: "రేపటి సంది రావద్దు చెల్లె." కింద ఇంకో లైను: "ఏడ్వకు. తిను." ఆ రెండో లైనుకే ఎక్కువ ఏడుపొచ్చింది.

డాక్టరు చెప్పిన మూడు రోజులూ పదై, అన్నకి గొంతు వచ్చింది, దాంతో పాటు కబురూ వచ్చింది. కొనడాలు పక్కనపెట్టి, అంకుల్ నది ఒడ్డున ఇల్లు అద్దెకి తీసుకున్నారట, ఆంటీ సిటీలో ఫ్లాట్ అద్దెకి తీసుకున్నారట, విడివిడిగా. "ఇద్దరి సామాను నేనే పంచి మోసిన చెల్లె. రోలు ఆమెకి, రేడియో ఆయనకి," అన్నాడు బొంగురుగా. ముప్ఫై ఐదేళ్ల కాపురాన్ని ఎనిమిది గంటల టూర్‌లో విరగ్గొట్టిన గైడు ఆస్ట్రేలియాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. క్షమాపణ ఉత్తరం నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చింపాను. సబ్జెక్టు మళ్లీ రాసి పాసయ్యాను. పాసైన రోజు కూడా సంతోషం కలగలేదు. అన్నం ముందు కూర్చుంటే రోలు, రేడియో గుర్తొచ్చేవి.

ఆరేడు నెలల తర్వాత ఒక శనివారం యూని లైబ్రరీ నుంచి వస్తూ ట్రైన్లో కూర్చుని ఉన్నాను. ఎదురు సీట్లో ఎర్ర ఫ్రేము కళ్లజోడు. ఒళ్లో స్టీలు క్యారియర్. దాక్కోవడానికి చోటు లేదు. "ఏమ్మాయ్, బాగున్నావా? చిక్కావేం?" అన్నారు ఆంటీ, మేం ఫెర్రీలో కాక పేరంటంలో కలిసి విడిపోయినట్టు.

"మీరు ఎక్కడికాంటీ?" అన్నాను.

"విండ్సర్‌కి. శనివారం శనివారం వెళ్తాను. గోంగూర మాంసం చేశాను, ఆయనకి వండుకోవడం రాదుగా. బుధవారాలు ఆయనొస్తారు. ముప్ఫై ఒకటో అంతస్తుకి కళ్లు మూసుకుని లిఫ్టులో వస్తారు, మా లేడీస్ అంతా నవ్వుతారు," అని, "మిగతా రోజులు ఫోన్లో పోట్లాడుకుంటాం," అన్నారు.

"నావల్లే కదాంటీ ఇదంతా..."

"నీవల్ల కాదు. అంత సీను లేదు నీకు," అన్నారు ఆవిడ కరుగ్గానే. తర్వాత క్యారియర్ మూత సరిచేస్తూ, "కష్టంగానే ఉందమ్మా. అబద్ధమెందుకు? ఆదివారం సాయంత్రం తిరిగి ట్రైనెక్కేటప్పుడు మరీను. కానీ డార్విన్‌లో అన్నేళ్లూ ఆయన వస్తారని నేను ఎదురుచూశాను. నేను వస్తానని ఆయన ఎదురుచూడ్డం ఇప్పుడే చూస్తున్నాను," అన్నారు.

క్వేకర్స్ హిల్ వచ్చింది. నేను దిగలేదు. ఎందుకో ఆ మాట కళ్లతో చూడాలనిపించింది. విండ్సర్‌లో ట్రైన్ ఆగేసరికి అంకుల్ ప్లాట్‌ఫారం మీద ఉన్నారు. ఆ టోపీ, చేతిలో గొడుగు. వాన లేదు. ఒక్కో పెట్టె కిటికీలోకి వంగి చూసుకుంటూ వస్తున్నారు. ఆంటీ కనబడగానే ఆ ఆరడుగుల మనిషి ముఖం విప్పారింది. వెనకాల నన్ను చూసి ఒక్క అడుగు వెనక్కి వేశారు. "ఎవరూ? మా గైడే! వద్దమ్మా వద్దు, ఇప్పుడు మేం డైరెక్టుగానే మాట్లాడుకుంటున్నాం," అన్నారు.

"వాన లేకుండా గొడుగెందుకు తెచ్చారండీ?" అన్నారు ఆంటీ. "వస్తే?" అన్నారు ఆయన. "వస్తే తడుస్తాం," అన్నారు ఆవిడ. క్యారియర్ ఆయన అందుకున్నారు, గొడుగు ఆవిడ అందుకున్నారు. దాని మీద వాదించుకుంటూ ఇద్దరూ స్టేషన్ మెట్లు దిగి వెళ్లిపోయారు. నేను మళ్లీ వెనక్కి వెళ్లే ట్రైను కోసం ముప్పావుగంట అక్కడే కూర్చున్నాను.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. ఆ తర్వాత నాకూ ఉద్యోగం వచ్చింది, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చింది, కాన్‌బెరాకి మారి హారిసన్‌లో ఇల్లు కట్టుకున్నాం. వాళ్లు చివరికి ఒకచోట చేరారో, ఇంకా రెండు చోట్లే ఉన్నారో నాకు తెలీదు. అన్నను అడగొచ్చు, అడగను. మొన్న కూర తరుగుతూ ఈ కథంతా మా ఏడేళ్ల పాపకి చెప్పాను. తెలుగులో అంతా విని ఇంగ్లీషులో అడిగింది, "బట్ వై డిడ్ యూ లై, అమ్మా?" అని.

"ఇద్దరూ సంతోషంగా ఉండాలని," అన్నాను.

"సో... డిడ్ ఇట్ వర్క్?"

కత్తి పక్కన పెట్టాను. ఫెర్రీ బెంచీ మధ్యలో, అడిగి తెచ్చుకున్న బ్లేజరు చేతులతో ముక్కు తుడుచుకుంటూ ఏడుస్తున్న ఆ అమ్మాయి కళ్లముందుకు వచ్చింది. పక్కన కూర్చుని భుజం తట్టి ఏదైనా చెబుదామనిపించింది. అయినా చెబితే మాత్రం వింటుందా, ఆ మొండిది!

"శనివారాలు పనిచేసింది," అన్నాను. "బుధవారాలు కూడా."

పాప వేళ్ల మీద లెక్కపెట్టి, "దట్స్ ఓన్లీ టూ డేస్," అని ఆడుకోవడానికి పరిగెత్తింది. నేను అక్కడే నిలబడి, చాలాసేపు, ఎవరూ చూడకుండా నవ్వుకున్నాను.